దామోదరం సంజీవయ్యగారూ, మన సభ్యత్వ రిజిస్టరూ

(కైరుప్పలలో జరిగిన సభ్య సంఘాల పాలకవర్గ శిక్షణ సమావేశంలో సహకార శాఖ ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన విషయం "సభ్యత్వం, సభ్యుల హక్కులు". ఈ విషయం మీద మా శాఖవాళ్లం ఏటా ఒకే ఉపన్యాసం చెబుతాం, మీరు ఏటా ఒకే తీరున వింటారు. సెక్షన్ల నంబర్లు మధ్యాహ్నం భోజనంతో పాటే అరిగిపోతాయి. కాబట్టి ఈసారి చట్టాన్ని పక్కన పెట్టి, మన జిల్లాలో పుట్టి, లా చదివి, పార్లమెంటుకు పోయిన ఒక మనిషిని గురించి చెబుతాను. చివరకు మళ్లీ సభ్యత్వ రిజిస్టరు దగ్గరికే వస్తాను. తప్పించుకున్నామని ఎవరూ అనుకోవద్దు.

ముందుగా ఈ ఊరిని గురించి ఒక మాట. కైరుప్పల అంటే ఉగాది వెళ్లగానే జరిగే పిడకల సమరం అందరికీ గుర్తొస్తుంది. వీరభద్రస్వామికి, కాళికాదేవికి వచ్చిన అలక తీర్చడానికి ఊరు రెండు వర్గాలై పిడకలతో కొట్టుకుంటుంది. కారుమంచి నుంచి రెడ్డిగారు గుర్రమెక్కి వచ్చి పూజ చేస్తేగాని అది మొదలు కాదు. దెబ్బ తగిలినవాళ్లు గుడిలో విభూతి పూసుకొని, ఎదుటి వర్గంవాళ్లతో కలిసే ఇంటికి పోతారు. సంఘాల్లో తగాదాలు కూడా అట్లా ఒక పూటలో తేలిపోతే మా శాఖలో సగం పోస్టులు తీసేయవచ్చు. మన తగాదాలు పిడకలతో కావు, పుస్తకాలతో. అవి ఏళ్ల తరబడి సాగుతాయి.

ఇక విషయానికి వస్తాను.

దామోదరం సంజీవయ్యగారు 1921 ఫిబ్రవరి 14న కర్నూలు దగ్గర పెద్దపాడులో ఒక పేద హరిజన కుటుంబంలో పుట్టారు. తండ్రి మునియ్య, తల్లి సుంకులమ్మ. బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే తండ్రి పోయాడు. తల్లి, మేనమామ పెంచారు. కర్నూలు మునిసిపల్ హైస్కూలులో చదివి, అనంతపురం దత్తమండల కళాశాలలో చేరారు. లెక్కల మీద ఆయనకు ఆసక్తి. 1942లో బి.ఏ. పూర్తయింది. యుద్ధకాలం. పట్టా చేతికొచ్చినా ఉద్యోగం రాలేదు. కర్నూలులో రేషనింగు కచేరీలో గుమాస్తాగిరీ, తరువాత బళ్లారిలో చిన్న తాత్కాలిక ఉద్యోగం చేశారు.

బళ్లారి అన్నాను గనుక పిల్లలకు ఒక సంగతి చెప్పాలి. అప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండేవి. ఈ ప్రాంతం పెద్దలు కచేరీ పనికి పోవాలంటే బళ్లారికే పోయేవాళ్లు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలోకి, రాయదుర్గం అనంతపురం జిల్లాలోకి వచ్చాయి. కడమ బళ్లారి మైసూరులో కలిసింది. ఇప్పటికీ మన సంతల్లో కన్నడం వినపడుతుందంటే కారణం అదే. మన తాతలు అర్జీలు పట్టుకొని తిరిగిన బళ్లారిలోనే ఆ కుర్రగుమాస్తా కూడా ఉద్యోగం చేశాడన్నమాట.

అక్కడ ఒక జిల్లా జడ్జిగారు ఆ కుర్రవాణ్ణి చూసి, "నువ్వు లా చదువు" అని ప్రోత్సహించారు. 1946లో మద్రాసు లా కళాశాలలో చేరారు. చేతిలో డబ్బు లేదు. ఒక పాఠశాలలో పిల్లలకు లెక్కలు చెబుతూ తన చదువు తాను చదువుకున్నారు. 1948లో లా పట్టా, 1950లో అడ్వకేటుగా నమోదు. అదే 1950లో తాత్కాలిక పార్లమెంటులో సభ్యత్వం. అప్పటికి ఆయన వయసు ముప్పై నిండలేదు.

తాత్కాలిక పార్లమెంటు అంటే చాలామందికి తెలియదు. రాజ్యాంగాన్ని రాసిన రాజ్యాంగ సభే 1950 జనవరి 26 నుంచి మొదటి ఎన్నికలు జరిగేదాకా పార్లమెంటుగా పనిచేసింది. అందులోని సభ్యులను జనం నేరుగా ఎన్నుకోలేదు. కనుక సంజీవయ్యగారు మొదటిసారి ఢిల్లీకి పోయింది జనం వోటుతో కాదు, పార్టీ పెద్దల ఎంపికతో. దీన్ని దాచవలసిన పనిలేదు. మన సంఘాల్లో కూడా మొదటి పాలకవర్గాన్ని చాలాచోట్ల శాఖ నామినేటు చేస్తుంది. నామినేషనుతో వచ్చినవాడు తరువాత ఎన్నికకు నిలబడతాడా లేదా అన్నదే అసలు పరీక్ష. ఆయన నిలబడ్డారు. 1952లో మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. 1955లో ఎమ్మిగనూరు ద్విసభ్య నియోజకవర్గం నుంచి గెలిచారు.

ఈ ద్విసభ్య నియోజకవర్గం సంగతి మీరు వినాలి. ఆ రోజుల్లో రిజర్వుడు స్థానం ఉన్న చోట ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరిని ఎన్నుకునేవారు. ఒక స్థానం అందరిదీ, రెండోది షెడ్యూల్డు కులాలవారిది. వోటర్లు మాత్రం ఒకరే. ప్రతి వోటరుకూ రెండు వోట్లు. అంటే పెద్దరైతు కూడా హరిజన అభ్యర్థులలో ఎవరు మేలో ఆలోచించవలసిందే, హరిజన కూలీ కూడా రెండు వోట్లూ వేయవలసిందే. ఎమ్మిగనూరులో ఆయనతో పాటు గెలిచిన రెండోవారు కోట్ల విజయభాస్కరరెడ్డిగారు. ఆయనా లా చదివినవారే, తరువాత లోక్‌సభకు పోయి 1991లో కేంద్ర న్యాయశాఖ మంత్రి అయ్యారు, రెండుసార్లు ముఖ్యమంత్రి కూడా అయ్యారు. ఒకే నియోజకవర్గం ఒకేసారి పంపిన ఇద్దరూ ముఖ్యమంత్రులయ్యారు. ఎమ్మిగనూరువాళ్లు ఈ మాట చెప్పుకొని గర్వపడితే తప్పులేదు. ఈ ద్విసభ్య పద్ధతిని 1961లో తీసేశారు.

ఇప్పుడు మనకు సంబంధించిన భాగం. 1952లో రాజాజీ మద్రాసు రాష్ట్రంలో మంత్రివర్గం ఏర్పాటు చేసినప్పుడు సంజీవయ్యగారికి ఇచ్చిన శాఖలేవో తెలుసా? సహకారం, గృహనిర్మాణం. ముప్పైయొక్క ఏళ్లకు, శ్రీకాకుళం నుంచి మలబారు దాకా ఉన్న సహకార సంఘాలన్నిటికీ ఆయన మంత్రి. నేను శాఖలో చేరినప్పుడు పాత ఉద్యోగులు వరసగా మంత్రుల పేర్లు చెప్పేవాళ్లు, కాని ఈ పేరు చెప్పినవారు తక్కువ. డిప్లొమా తరగతిలో రాబర్టు ఓవెన్ గురించి, రాచ్‌డేల్ నేతగాళ్ల గురించి పేజీలు పేజీలు చదివాం. మన జిల్లా మనిషి ఒకప్పుడు సహకార మంత్రి అన్న సంగతి ఏ నోట్సులోనూ లేదు.

ఆ రోజుల్లో ఈ ప్రాంతంలో సహకారం అంటే పాలు కాదు, మగ్గం. ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని 1938లో మాచాని సోమప్పగారు స్థాపించారు. కరువు ప్రాంతంలో నేతగాని ఇంట పొయ్యి ఆరకుండా చూసిన సంఘమది. నేతగాడు తెచ్చిన బట్టను కొలిచి, నాణ్యం చూసి, సంఘం కూలి కడుతుంది. మనం పాలను కొలిచి, వెన్న శాతం చూసి డబ్బు కడుతున్నాం. సరుకు వేరు గాని లెక్క ఒకటే. తెచ్చినవాడు సభ్యుడా, లేక సరుకు అమ్మి పోయేవాడా అన్న ప్రశ్న అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చాక ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో ఆయన ఆరోగ్యశాఖ చూశారు. ఆ తరువాతి మంత్రివర్గాలలోనూ ఉన్నారు. ఆ భాగాన్ని తొందరగా దాటేస్తాను. 1960లో నీలం సంజీవరెడ్డిగారు అఖిలభారత కాంగ్రెసు అధ్యక్షులుగా పోవడంతో ముఖ్యమంత్రి పదవి ఖాళీ అయింది. 1960 జనవరి 11న సంజీవయ్యగారు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఇంకా ముప్పైతొమ్మిది నిండలేదు. దేశంలోనే షెడ్యూల్డు కులం నుంచి వచ్చిన మొదటి ముఖ్యమంత్రి. 1962 మార్చి 12 దాకా, అంటే రెండేళ్ల రెండు నెలలు ఆ పదవిలో ఉన్నారు. ఆ తరువాత సంజీవరెడ్డిగారు మళ్లీ ముఖ్యమంత్రిగా వచ్చారు, ఈయన కాంగ్రెసు అధ్యక్షులుగా ఢిల్లీ పోయారు. ఇద్దరూ కుర్చీలు మార్చుకున్నారన్నమాట. ఇద్దరూ రాయలసీమవాళ్లే.

ఆయన పేదరికం గురించి, వాళ్లమ్మగారి గుడిసె గురించి, కట్టెల పొయ్యి గురించి జనం ఎన్నో కథలు చెబుతారు. ఒక్కో సభలో ఒక్కో విధంగా పెరుగుతుంటాయి. వినడానికి కళ్లు చెమరుస్తాయి. నా మట్టుకు నాకు ఆ కథల మీద చిన్న అభ్యంతరం ఉంది. మనిషి పేదవాడు, మంచివాడు అని చెప్పి చప్పట్లు కొట్టి ఇంటికి పోతాం. అతడు చేసిన పని ఏమిటో అడగం. లాయరును లాయరుగా చూడాలి. ఆయన కోర్టులో నల్లకోటు వేసుకొని వాదించిన కాలం బహు తక్కువ. కాని చదివిన లా వృథా పోలేదు. అది ఆయన చేసిన పనుల్లో కనపడుతుంది.

ఎట్లాగంటే, ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను మొదలయింది. అంతకుముందు దిక్కులేని ముసలివాళ్లకు ఊరివాళ్లు ఏమీ పెట్టలేదని కాదు. పెట్టేవాళ్లు. పండుగనాడు పెట్టేవాళ్లు, కోపం వచ్చిననాడు పెట్టేవాళ్లు కారు. పింఛను వచ్చాక దానికొక రిజిస్టరు, ఒక వరుస సంఖ్య, ఒక మంజూరు ఉత్తర్వు వచ్చాయి. మొత్తం చిన్నదే కావచ్చు. కాని ఆ ముసలమ్మ "నాకు రావలసింది రాలేదు" అని అడగగలిగింది. దయతో పెట్టేదాన్ని ఎవరూ అట్లా అడగలేరు. 1961 జనవరిలో అవినీతి నిరోధక శాఖ ఏర్పడింది. అదీ ఆయన హయాంలోనే. లంచగొండితనం చెడ్డదని ఉపన్యాసం చెప్పడం ఎవరికైనా చేతనవుతుంది. ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి, ఎవరు విచారించాలి, కేసు ఎవరు కట్టాలి అన్నది రాసిపెట్టడానికి లాయరు బుర్ర కావాలి. మన శాఖవాళ్లకు ఆ శాఖంటే మొదటినుంచీ బెదురే. ఉండవలసిన బెదురే.

1962 నుంచి ఆయన రాజకీయం ఢిల్లీలోనే. 1962లో కాంగ్రెసు అధ్యక్షులు. అదే ఏడు చైనా యుద్ధం, మరుసటి ఏడు కామరాజ్ పథకం. 1964లో రాజ్యసభ. 1964 జూన్ 9న లాల్ బహదూర్ శాస్త్రిగారి మంత్రివర్గంలో కార్మికశాఖ మంత్రి అయ్యారు. ఇక్కడ కాస్త ఆగుతాను. ఇక్కడ మనకు దగ్గరి సంబంధం ఉంది, అది కూడా రెండు విధాలుగా.

మొదటిది. అదే 1964 అక్టోబరులో శాస్త్రిగారు గుజరాత్‌లోని ఆనంద్‌కు పోయి, ఒక పల్లెలో రైతు ఇంట్లో రాత్రి బసచేసి, పాల సంఘం ఎట్లా నడుస్తుందో జనాన్ని అడిగి తెలుసుకున్నారు. ఆ పల్లెలో పాలు పోయడానికి పెద్దకులంవాళ్లు, చిన్నకులంవాళ్లు ఒకే వరుసలో నిలబడుతున్నారని చూసినవాళ్లు రాశారు. ముందొచ్చినవాడు ముందు, అంతే. ఆ యాత్ర ఫలితంగా 1965లో జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి మండలి ఏర్పడింది. 1970 నుంచి నడిచిన ఆపరేషన్ ఫ్లడ్ దాని చేతిమీదనే నడిచింది. ఈ రోజు మీ ఊళ్లో పాలక్యాను, తూకం, టెస్టు యంత్రం ఉన్నాయంటే దాని వేరు అక్కడ ఉంది.

రెండోది బోనసు. ఇది సంజీవయ్యగారు తమ చేతులతో నడిపిన పని. 1965కు ముందు కార్ఖానా కార్మికునికి బోనసు ఇవ్వాలా వద్దా అన్నది యజమాని మనసు మీద, లేకుంటే కోర్టు తీర్పు మీద ఆధారపడి ఉండేది. 1950లో బొంబాయి మిల్లుల కేసులో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఒక లెక్క చెప్పింది. లాభంలోంచి ముందు తరుగుదల తీయాలి, పన్ను తీయాలి, పెట్టుబడికి వడ్డీ తీయాలి, మిగిలినదాంట్లో కార్మికునికి వాటా. ప్రతి మిల్లులో ప్రతి ఏటా ఈ లెక్క మీద మళ్లీ తగాదా. 1961లో మెహెర్‌గారి అధ్యక్షతన బోనసు కమిషను వేశారు. 1964లో నివేదిక వచ్చింది. 1965 మే నెలలో ఆర్డినెన్సు, సెప్టెంబరు 25న చట్టం. లాభం వచ్చినా రాకపోయినా జీతంలో నాలుగు శాతం లేదా నలభై రూపాయలు, ఏది ఎక్కువైతే అది కనీస బోనసు. గరిష్ఠం ఇరవై శాతం. కనీసం తరువాత 8.33 శాతానికి పెరిగింది. 2019లో పార్లమెంటు చేసిన వేతనాల స్మృతిలో ఈ చట్టాన్నీ కలిపారు. అప్పుడు ఆదోని జిన్నింగు మిల్లుల్లో, నూనె మిల్లుల్లో పనిచేసినవాళ్లు ఇంకా కొందరు బతికి ఉన్నారు. "బోనసు" అన్న మాట వాళ్ల నోటి నుంచే మన పల్లెల్లోకి వచ్చింది. మనం పాల సంఘంలో ఏడాది చివర పంచేదాన్ని కూడా బోనసే అంటున్నాం.

మాట ఒకటే గాని రెండూ ఒకటి కాదు. మిల్లు కార్మికుని బోనసు జీతం మీద లెక్క. యజమాని ఇస్తాడు, కార్మికుడు తీసుకుంటాడు. మన బోనసులో ఇచ్చేవాడు, తీసుకునేవాడు ఒక్కడే. ఏడాది పొడుగునా పాలకు కట్టిన ధర ఖచ్చితమైన ధర కాదు, బయానా వంటిది. లెక్కలు తేల్చి, చట్టం చెప్పిన మేరకు రిజర్వు నిధికి తీసి, మిగిలిన దాంట్లోంచి పాలు పోసినదాన్నిబట్టి సభ్యునికి తిరిగి ఇస్తాం. అంటే ఆ డబ్బు మొదటినుంచీ పాలు పోసినవానిదే. సంఘం దగ్గర ఏడాదిపాటు దాచిపెట్టుకున్నాడు, అంతే.

మరి పాలు పోసి, సభ్యుడు కానివాని మాటేమిటి?

ఇదే నేను రావాలనుకున్న చోటు. నా తనిఖీల్లో ఒక సంఘానికి పోయాను. ఏ సంఘమో చెప్పను, ఇక్కడ ఎవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవద్దు. పాల సేకరణ పుస్తకంలో పేర్లు రెండు రంగుల్లో ఉన్నాయి. నల్లసిరాతో రాసినవి సభ్యులవి. ఎర్రసిరాతో రాసినవి సభ్యేతరులవి. ఎర్రసిరా పేర్లలో దాదాపు అన్నీ కాలనీవాళ్లవి. భూమి లేదు. ఒక ఎనుము, మహా అయితే రెండు. గట్లమీద గడ్డి కోసి, కూలికి పోయిన చేన్లలో జొన్నచొప్ప, శనక్కాయ కట్టె అడుక్కొచ్చి మేపుతారు. పొద్దున ఒక లీటరు, సాయంత్రం ఒక లీటరు. ఏళ్లతరబడి పోస్తున్నారు. వాళ్లకు దాణా అరువు లేదు, బోనసు లేదు, మహాజనసభకు నోటీసు లేదు.

ఎందుకు చేర్చుకోలేదంటే అధ్యక్షులవారు, "వాళ్లు అడగలేదు సార్" అన్నారు. కార్యదర్శి, "వాటాధనం కట్టలేదు సార్" అన్నాడు. కట్టమని ఎవరైనా చెప్పారా అంటే జవాబు లేదు. కేంద్రం అరుగు దగ్గర పాలచెంబు పట్టుకొని నిలబడిన ఒక ఆడమనిషి మాత్రం జవాబు చెప్పింది. "మా పాలు కలిపేటప్పుడు క్యాను వేరే లేదు గదా సార్, పుస్తకం మాత్రం ఎందుకు వేరే?" అంది. నా ముప్పై ఏళ్ల సర్వీసులో సహకార సూత్రాలను ఇంతకంటే తక్కువ మాటల్లో చెప్పినవాళ్లను చూడలేదు.

ఆ ఎర్రసిరా ఎవరికి లాభమో లెక్క వేసి చూపుతాను. అర్థం కావడానికి చెప్పే లెక్క ఇది, ఏ సంఘానిదీ కాదు. ఒక సంఘానికి రోజుకు నూరు లీటర్లు వస్తాయనుకోండి. సభ్యులవి అరవై, సభ్యేతరులవి నలభై. లీటరుకు రూపాయి చొప్పున మిగులు. నూరు లీటర్ల మీద నూరు రూపాయలు. అందరూ సభ్యులైతే లీటరుకు రూపాయి బోనసు. అరవై లీటర్లవాళ్లే పంచుకుంటే లీటరుకు రూపాయి అరవైఏడు పైసలు. ఆ అరవైఏడు పైసలు ఎక్కడినుంచి వచ్చాయి? కాలనీ ఎనుము పొదుగు నుంచి వచ్చాయి. వడ్డీ వ్యాపారస్థుడు ఈ పని చేస్తే దోపిడీ అంటాం. సహకార సంఘం చేస్తే తీర్మానం నంబరు వేసి మినిట్సులో రాస్తున్నాం.

ఇంకొక కారణం ఉంది. ఎవరూ పైకి చెప్పరు. టీ తాగేటప్పుడు చెబుతారు. "సార్, వాళ్లందరినీ చేర్చుకుంటే వచ్చే ఎలక్షన్లో వోట్లు తిరగబడిపోతాయి" అంటారు. ఇది నిజమైన భయం. దీన్ని నేను ఎగతాళి చేయను. సంఘాన్ని కష్టపడి పెంచినవాళ్లకు చేయి జారిపోతుందేమోనని ఉంటుంది. కాని 1952లో వయోజనులందరికీ వోటు ఇచ్చినప్పుడు ఈ మాటే అన్నారు. వేలిముద్రగాళ్లకు వోటా అన్నారు. ఎమ్మిగనూరు ద్విసభ్య నియోజకవర్గంలో పెద్దరైతూ కూలీ ఒకే పెట్టెలో వోటు వేశారు. కొంపలేమీ మునగలేదు. సహకార చట్టంలో సభ్యునికి ఒక్కటే వోటు, వాటాలు పది ఉన్నా ఒక్కటే. పనిచేసే పాలకవర్గానికి ఆ వోట్లు పడతాయి. నలభై లీటర్లు పోసేవాళ్ల మెప్పు పొందలేని పాలకవర్గం దిగిపోవడమే మంచిది.

ఇంకో పక్క కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. సభ్యేతరులందరూ కాలనీ పేదవాళ్లు కారు. ప్రైవేటువాడు ధర ఎక్కువ ఇచ్చిన నాడు అక్కడ పోసి, వాడు వద్దన్న నాడు మన దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. పాలు కొని తెచ్చి పోసే చిల్లర వ్యాపారులూ ఉన్నారు. వాళ్లను చేర్చుకోమని నేను చెప్పడం లేదు. మీ బైలాలోనే ఏడాదికి ఇన్ని రోజులు, ఇన్ని లీటర్లు పోయాలని ఉంటుంది. పోత పుస్తకం తీసి చూస్తే ఎవరు ఎవరో తెలిసిపోతుంది. అట్లాగే నల్లసిరా పేర్లనూ చూడండి. ఎనుము అమ్మేసి పదేళ్లయినవాళ్లు, కర్నూలులో కాపురమున్నవాళ్లు, మీటింగు నాడు మాత్రం జీపులో దిగేవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్క తీయండి. పాలు పోయనివానికి వోటు, పోసేవానికి లేదు. ఇది నాకు పోత సరిగా లేని సంఘం కంటే పెద్ద లోపంగా కనపడుతుంది. ఆడిట్ నోటులో కూడా నేనిట్లాగే రాస్తాను, ఎవరి ముఖమూ చూడను.

ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. గడ్డి కోసేది ఆమె, పేడ తీసేది ఆమె, పాలు పిండేది ఆమె, తెచ్చి పోసేది ఆమె. రిజిస్టరులో పేరు మాత్రం ఆయనది. డబ్బు తీసుకునేది ఆయన. ఆ డబ్బు ఇంటికి చేరేలోపల దారిలో ఎన్ని అంగళ్లున్నాయో మీకే తెలుసు. సుంకులమ్మగారి వంటి తల్లి ఈనాడు మీ ఊళ్లో ఉంటే, ఒక ఎనుమును పెట్టుకొని బిడ్డను చదివించాలనుకుంటే, మీ సంఘంలో ఆమె పేరు ఏ సిరాతో ఉంటుందో మీరే ఆలోచించండి.

సంజీవయ్యగారి మిగతా జీవితం క్లుప్తంగా చెబుతాను. 1966లో కొంతకాలం పరిశ్రమల శాఖ, 1970లో మళ్లీ కార్మికశాఖ చూశారు. కార్మిక సమస్యల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశారు. అది 1970లో అచ్చయింది. 1971లో రెండోసారి కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. ఆ పదవిలో ఉండగానే, రాజ్యసభ సభ్యులుగా ఉండగానే, 1972 మే 7న ఢిల్లీలో గుండెపోటుతో పోయారు. వయసు యాభైయొకటి. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉన్న పార్కుకు, 2008లో ఏర్పడిన విశాఖపట్నం జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. గోనెగండ్ల మండలంలో హంద్రీ మీది గాజులదిన్నె ప్రాజెక్టు కూడా సంజీవయ్య సాగరే. మనవాళ్లు మాత్రం ఇంకా గాజులదిన్నె డ్యాం అనే అంటారు.

ఆయన ఢిల్లీలో ఎన్నేళ్లున్నా, ఏ పదవిలోనూ ఎక్కువకాలం లేరు. ముఖ్యమంత్రిగా రెండేళ్లు, కార్మికమంత్రిగా మొదటిసారి ఏడాదిన్నర. ఈ మాట పాలకవర్గంవాళ్లకు చెబుతున్నాను. "మా టర్ము అయిపోతోంది సార్, కొత్తవాళ్లు చూసుకుంటారు" అన్న మాట నేను ప్రతి సంఘంలో వింటాను. ఏడాదిన్నరలో ఆయన బోనసు చట్టం తెచ్చారు. మీరు ఒక మహాజనసభలో ఎర్రసిరా తీసేయవచ్చు.

చేయవలసిన పని చెప్పి ముగిస్తాను. ఊళ్లకు పోయిన వెంటనే పాల సేకరణ పుస్తకం, సభ్యత్వ రిజిస్టరు పక్కపక్కన పెట్టుకోండి. గడిచిన ఏడాదిలో బైలా ప్రకారం అర్హత వచ్చిన సభ్యేతరుల జాబితా ఒకటి రాయండి. పోత లేని సభ్యుల జాబితా మరొకటి. మొదటి జాబితాలో ఉన్నవాళ్లకు దరఖాస్తు ఫారాలు మీరే తీసుకుపోయి ఇవ్వండి. వాళ్లు అడిగేదాకా ఆగొద్దు. రాయలేనివాళ్లకు కార్యదర్శి రాసిపెట్టాలి. వేలిముద్ర వేస్తే ఇద్దరు సాక్షుల చేత సంతకం చేయించాలి. వాటాధనం ఒకేసారి కట్టలేమంటే వాళ్ల పాల బిల్లులోంచి వాళ్ల ఒప్పుకోలుతో పది పదిహేను రోజుల బిల్లుల్లో కొంచెం కొంచెంగా పట్టుకునేటట్లు తీర్మానం రాసుకోండి. ఎనుమును మేపేది, పాలు పోసేది ఆడమనిషైతే దరఖాస్తు ఆమె పేరుమీదనే రాయండి. ఆయనకు కోపం వస్తే నా పేరు చెప్పండి. దరఖాస్తు తీసుకున్నట్టు తేదీ వేసి రసీదు ఇవ్వండి. ఎవరినైనా వద్దనుకుంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. వాళ్లు పైకి అప్పీలు పోవచ్చునని కూడా మీరే చెప్పాలి. రెండో జాబితాను సర్వసభ్య సమావేశం ముందు పెట్టాలి, ముందుగా వాళ్లకు నోటీసు ఇచ్చి. తొందరపడి ఎవరి పేరూ కొట్టేయవద్దు. అక్కడ తప్పు జరిగితే కోర్టులో మనమే నిలబడాలి.

ఈ జాబితాలు రెండూ వచ్చే తనిఖీకి నా ముందు ఉండాలి. ఫారాలు అక్కడ బల్లమీద ఉన్నాయి, ఒక్కో సంఘానికి ఎన్ని కావాలో లెక్క చెప్పి తీసుకోండి. ఇప్పుడు ఎవరికైనా సందేహాలుంటే అడగండి. ముందుగా పాలు పోసేవాళ్లు అడగండి, తరువాత పాలకవర్గంవాళ్లు.